చెలమకు కాపలా

అడవిలో జరిగిన సంగతి ఇది. సాక్షులు బోలెడుమంది ఉన్నారు గానీ సగంమంది చెట్లెక్కేశారు, సగంమంది బొరియల్లో దూరారు, పిలిస్తే ఒక్కరూ రారు. కాబట్టి నేను చెప్పినట్టు వినడమే మీకు దారి.

ఇప్పలకోన అని ఒక అడవి, దాని పక్కనే రాళ్ళకోన అని ఇంకొకటి, రెంటికీ మధ్య ఇసకవాగు. వానాకాలంలో ఆ వాగు ఏనుగుని కూడా ఆపేస్తుంది. ఎండాకాలంలో కుందేలు కాలు తడవకుండా దాటిపోతుంది. ఇప్పలకోనలో నీడకీ నీటికీ లోటు లేదు, ఇప్పపూలూ నేరేడుపళ్ళూ తిన్నన్ని. రాళ్ళకోనలో మాత్రం పేరుకు తగ్గట్టు రాళ్ళే. అక్కడుండేవి దుప్పులు, కుందేళ్ళు, ఏవో కొన్ని ఏదుపందులు. వాటికి రాజూ లేడు, రాణీ లేదు. పెత్తనం చెయ్యడానికి ఏమన్నా ఉంటే కదా, పెత్తందారు పుట్టుకొచ్చేది.

ఇప్పలకోనకి రాణి పైడమ్మ అనే పెద్దపులి. పంజా గట్టిది, మనసు చెడ్డది కాదు. దానికున్నది ఒకే ఒక్క భయం, రేచుకుక్కలంటే. రేచుకుక్క ఒంటరిగా వస్తే పులికి లెక్కే కాదు, కానీ అది ఒంటరిగా రాదు. మందగా వచ్చి చుట్టుముడుతుంది, ఒకటి ముందునుంచి రెచ్చగొడుతుంటే ఇంకొకటి వెనకనుంచి కూనల్ని లాక్కుపోతుంది. పైడమ్మ తొలికాన్పు కూనల్ని అలాగే పోగొట్టుకుంది. అప్పట్లో దాని గుహ అడవికి ఆ చివరెక్కడో ఉండేది. చాలాకాలానికి మళ్ళీ రెండు కూనలు పుట్టాయి. ఈసారి వాగొడ్డున రాతిగుహలో పెట్టుకుని, ఆకు కదిలితే లేచి కూచునేది. ఆ తల్లికి కంటినిండా నిద్రపోవడమే మర్చిపోయినట్టయింది.

రేచుకుక్కల మంద తిరిగేది రాళ్ళకోన గట్టుకి అవతల. ఇటు రావాలంటే వాటికి రాళ్ళకోన మీదుగా తప్ప వేరే దారి లేదు.

ఇక్కడ రెండు కోనలకీ మధ్య నడిచే ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. ఎండలు ముదరగానే ఇప్పలకోన ఏనుగుల్లో పెద్దదైన ఎర్రనమ్మ వాగు దాటి రాళ్ళకోనకి వెళ్ళేది. ఇసకలో తొండం ఆనించి వాసన చూసి, కాలితో గోకి, చెలమ తవ్వేది. చెలమంటే ఇసకలో గుంట, అడుగున నెమ్మదిగా నీళ్ళు ఊరతాయి. తను నాలుగు గుక్కలు తాగి పక్కకి తప్పుకునేది, మిగతాదంతా దుప్పులకీ కుందేళ్ళకీ. కొండముచ్చులేమో వాగొడ్డు చెట్లెక్కి, తిన్నంత తిని, తిననిది కింద పారేసేవి. కొండముచ్చు దానం అంతే మరి, ఎంగిలి. అయినా ఆ సగం కొరికిన కాయలూ లేత చిగుళ్ళూ కింద దుప్పులకి పండగే. బదులుగా ఇది ఇవ్వండని అడిగినవాళ్ళూ లేరు, ఇస్తామన్నవాళ్ళూ లేరు.

దుప్పికి మాత్రం ఒక గుణం ఉంది. అపాయం కంటబడితే నేలని కాలితో తన్ని కూత పెడుతుంది. రాళ్ళకోన గట్టుమీద దుప్పి కూస్తే వాగొడ్డు కొండముచ్చు అందుకునేది, కొండముచ్చు ఖర్రుమంటే ఇప్పలకోన మొత్తం లేచి నిలబడేది. ఇది కనిపెట్టింది పైడమ్మ తల్లి. వాగు దాటి వేటకి వెళ్ళకూడదని కూతురి చేత ఒట్టు వేయించుకుంది గానీ ఎందుకో చెప్పేలోగా కన్నుమూసింది. ఒట్టు మిగిలింది, కారణం పోయింది. పెద్దల మాటలు చాలావరకు మనదాకా వచ్చేది ఇలాగే.

ఆ ఏడు ఎండలు మాఘం దాటకుండానే మొదలయ్యాయి. గద్ద ఒకటి కబురు తెచ్చింది, గట్టు అవతల రేచుకుక్కలు వేట దొరక్క డొక్కలెండి తిరుగుతున్నాయని. పైడమ్మ వెంటనే పెద్దల్ని పిలిపించింది.

ముందుగా వచ్చి కూచున్నది నక్క దాలయ్య. వాణ్ణి మంత్రిగా ఎవరూ పెట్టుకోలేదు. రోజూ వచ్చి రాణి పక్కన కూచోగా కూచోగా ఒకనాటికి మంత్రి అయిపోయాడు. తర్వాత అడవిపందుల దళవాయి మొట్టయ్య వచ్చాడు, వాడి కోరలు చూస్తే చెట్లే పక్కకి జరిగేట్టు ఉంటాయి. ఆఖర్న ఎర్రనమ్మ వచ్చింది, ఏనుగు ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది.

ఎప్పట్లాగే అవతలి గట్టున చెలమలు తవ్వుదాం, ఈసారి నాలుగు ఎక్కువ తవ్వుదాం అంది ఎర్రనమ్మ. నీళ్ళుంటే దుప్పులు రాళ్ళకోనలోనే ఉంటాయి, అవి ఉన్నంతకాలం మనకి దిగుల్లేదు అని దాని లెక్క. ఆ లెక్కని విడమరిచి చెప్పలేకపోయింది, మాటలు పేర్చడం దానికి రాదు.

దాలయ్యకి అదొక్కటే వచ్చు. గొంతు సవరించుకుని, "రాణమ్మా, వాళ్ళు మనవాళ్ళా?" అన్నాడు. "ఏటా నీళ్ళు తవ్వి పోస్తున్నాం. ఏనాడైనా ఒక్కడొచ్చి దణ్ణం పెట్టాడా? శత్రువు గట్టుమీదికొచ్చి కూచుంటే మనం చెలమలు తవ్వుకుంటూ ఉంటామా? మొట్టయ్యని పంపండి, గట్టు మన చేతిలో పెట్టుకుందాం. భయం ఉన్నచోటే మన మాట చెల్లుతుంది."

"భయం ఉన్నచోట కాళ్ళు పనిచేస్తాయి పైడమ్మా, నోరు పనిచెయ్యదు" అంది ఎర్రనమ్మ. "మనకి కావలసింది వాళ్ళ నోరు."

పైడమ్మకి ఆ మాట సగమే అర్థమైంది. మిగతా సగం అడిగి తెలుసుకునే ఓపిక లేదు, గుహలోంచి కూనల మూలుగు వినబడుతోంది. చివరికి ఇద్దరినీ నొప్పించకుండా తీర్పు చెప్పింది. ఎర్రనమ్మ వెళ్ళి చెలమ తవ్వాలి. ఆ చెలమకీ గట్టుకీ మొట్టయ్య దళం కాపలా ఉండాలి. అక్కడి వ్యవహారం దాలయ్య చూసుకోవాలి. అందరూ తలలూపారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం కూడా మొదట్లో బాగానే ఉంటుంది.

ఎర్రనమ్మ వెళ్ళి, గట్టు కింద మంచి చోటు చూసి, లోతుగా చెలమ తవ్వి వచ్చేసింది. తర్వాత పందుల దళం బయల్దేరింది. నిజం చెప్పాలంటే మొట్టయ్య చెడ్డవాడు కాదు, పిరికివాడు అసలే కాదు. కానీ పంది పందే కదా. ఎండలో అంత దూరం నడిచి, గట్టు ఎక్కబోతూ, కింద తళతళలాడే నీళ్ళగుంటని చూశాడు. మనకి నీళ్ళు చూస్తే తాగాలనిపిస్తుంది. పందికి పొర్లాలనిపిస్తుంది. దళం మొత్తం చెలమలోకి దిగింది. కాసేపటికి నీళ్ళు లేవు, బురద ఉంది.

పైగా మొట్టయ్యకి మర్యాద తెలుసు. రాళ్ళ మధ్య నిలబడి చూస్తున్న దుప్పుల్ని పిలిచి, పక్కకి జరిగి చోటు చూపించి, మొహమాటపడకుండా వచ్చి పొర్లండి అన్నాడు. దుప్పులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఏం చెబుతాయి పాపం.

గట్టుమీద కాపలాకి అని వచ్చిన దళం ఆ చల్లదనం వదిలి గట్టెక్కనే లేదు. ఆకలేసినప్పుడు మాత్రం లేచి, దుప్పులు మేసే గడ్డి దుబ్బుల్ని వేళ్ళతో సహా పెకలించి దుంపలు తినేది. కంచే చేను మేసిందంటే ఇదే.

పందులు కదిలినప్పుడల్లా దుప్పులు కూసేవి. కోరలున్నది ఏది ఎదురొచ్చినా కూయడం వాటికి పుట్టుకతో వచ్చిన అలవాటు. మొదట్లో వాగొడ్డు కొండముచ్చులు ఉలిక్కిపడి లేచి చూసేవి. పందుల్ని చూసి, ఓస్ ఇంతేనా అని విసుక్కునేవి. కొన్నాళ్ళకి లేవడం మానేశాయి. కింద మేసే దుప్పులు అక్కడ కనబడకపోయేసరికి కొండముచ్చులకి వాగొడ్డు మీద మోజే పోయింది. అడవి లోపలికి, నేరేళ్ళ వైపు వెళ్ళిపోయాయి.

మొట్టయ్యేమో మనసు కష్టపెట్టుకున్నాడు. కాపలాకి వస్తే దొంగల్ని చూసినట్టు కేకలేస్తున్నారేమిటని దాలయ్యతో మొరపెట్టుకున్నాడు. దాలయ్యకి కావలసింది అదే. దుప్పి కూతంటే నక్కకి ఒళ్ళుమంట. ఎన్నిసార్లు పొదచాటు కూన నోటిదాకా వచ్చి, తల్లి కూతతో జారిపోయిందో వాడికే తెలుసు. తీరిగ్గా రాయెక్కి నిలబడి, దుప్పులన్నిటినీ పోగుచేసి ఆజ్ఞ చదివినట్టు చెప్పాడు. సైన్యం ఉన్నచోట కేకలు వేస్తే శత్రువుకి ఆనవాలు తెలిసిపోతుంది, అందుచేత ఇకమీదట ఎవరూ తమంతట తాము కూయకూడదు. కూయాలనుకున్నవాళ్ళు ముందు వచ్చి దాలయ్యని అడిగి, ఆయన సరేనంటే అప్పుడు కూయాలి. కాదని కూసినవాళ్ళ సంగతి మొట్టయ్య కోరలు చూసుకుంటాయి.

దుప్పుల్లో చుక్కమ్మ అని ఒక పెద్ద తలకాయ ఉంది. ఆ ఏడు దానికి రెండు కూనలు, దుప్పికి అరుదైన సంగతి. అది ముందుకొచ్చి మెల్లిగా అడిగింది.

"అయ్యా, మేం వెతుక్కుంటూ వచ్చి మిమ్మల్ని అడిగేదాకా అపాయం ఆగుతుందంటారా?"

"ఆగకపోతే మొట్టయ్య ఆపుతాడు" అన్నాడు దాలయ్య. సభ ముగిసింది.

రాళ్ళకోన మూగబోయింది. దాహంతో సోలిన కూనలు ఒకటొకటిగా కనబడకుండా పోయాయి. తల్లులు గొంతుదాకా వచ్చిన కూతని మింగుకున్నాయి. దాలయ్యకి బుగ్గలొచ్చాయి. రోజూ వాగు దాటి వెళ్ళి, కోన అంతా ప్రశాంతంగా ఉందనీ, ఒక్క కూత కూడా లేదనీ, అంతా మీ చలవేననీ రాణికి చెప్పి వచ్చేవాడు. పైడమ్మ చెవులు రిక్కించి వినేది. నిజమే, అవతలి గట్టునుంచి చడీ చప్పుడూ లేదు. తొలికూనలు పోయిన తర్వాత మొదటిసారి ఆ తల్లి హాయిగా నిద్రపోయింది.

ఎర్రనమ్మకి మాత్రం ఆ నిశ్శబ్దం నచ్చలేదు. ఎవరితోనూ చెప్పకుండా వాగు దాటి వెళ్ళి చూసింది. తను తవ్విన చెలమలో పందులు గురకపెడుతున్నాయి. కాస్త దూరంలో చుక్కమ్మ నిలబడి ఉంది, పక్కన ఒక్కటే కూన. అది రాతి నీడలో ఉన్న తేమని నాలుకతో నాకుతోంది. రెండోది ఏదని ఎర్రనమ్మ అడగలేదు. తల్లి కళ్ళు చూస్తే అడగక్కర్లేకపోయింది.  తను తవ్విన గుంట, తన కోన సైన్యం, తన రాణి మాట, అన్నీ కలిసి చేసిన పని ఇది.

మొట్టయ్యని లేపి చీవాట్లు పెట్టింది. వాడు బురదలోంచి తలెత్తి, పాపం, అమాయకంగా చూశాడు. మేం ఒక్కరిని కూడా రావద్దనలేదే పెద్దమ్మా, చోటు కూడా చూపించామే అన్నాడు. వాడితో వాదించి లాభం లేదనుకుని తిన్నగా పైడమ్మ దగ్గరికి వెళ్ళింది. చూసిందంతా చూసినట్టు చెప్పింది.

పైడమ్మ గుహలోని కూనల్ని ఒకసారి చూసుకుంది. తర్వాత అంది, "పెద్దమ్మా, నేను కంటినిండా నిద్రపోయి ఎంతకాలమైందో నీకు తెలుసు. ఇప్పుడిప్పుడే ఆ గట్టు నిశ్శబ్దంగా ఉంది. మళ్ళీ నన్ను భయపెట్టకు."

"నిశ్శబ్దం వేరు, నెమ్మది వేరు తల్లీ" అంది ఎర్రనమ్మ. అంతకంటే ఒత్తిడి చెయ్యలేదు. తల్లి భయం ముందు తర్కం నిలవదని దానికీ తెలుసు, అదీ పిల్లల్ని కన్నదే. ఒక్క కోరిక మాత్రం కోరింది. వాగులో, ఇటు ఒడ్డుకి దగ్గరగా, గుహ కిందే ఇంకో చెలమ తవ్వుకుంటాను, దుప్పులు వచ్చి తాగితే కాదనకు అని.

నా గుమ్మం ముందు దుప్పులా అని పైడమ్మ తెల్లబోయింది. మీ అమ్మకిచ్చిన ఒట్టు ఉంది కదా, దాన్ని ఇంకాస్త ఇటు జరుపుకో అంది ఎర్రనమ్మ. కాసేపు ఆలోచించి పైడమ్మ ఒప్పుకుంది. మాట తప్పే పులి కాదు అది.

ఆ మర్నాటినుంచి ఎర్రనమ్మ తెల్లవారుతూనే చెలమ పక్కన నిలబడేది. నిలబడటమే దాని పని. అది ఉన్నంతసేపూ పంది దిగదు, నక్క రాదు. దుప్పులు ముందు రాళ్ళచాటునుంచి తొంగిచూశాయి. తర్వాత చుక్కమ్మ కూనని వెంటబెట్టుకుని దిగివచ్చింది. దాని వెనక మిగతావి. కూన మూతి పెట్టి తాగుతుంటే ఎర్రనమ్మ చెవులు ఊపుతూ చూసింది. కృతజ్ఞతలూ గట్రా ఏమీ లేవు, దాహం వేసినవాడికి వాటికి తీరిక ఉండదు. గుహ పైన రాతిమీద పడుకున్న పైడమ్మ తల అటు తిప్పుకునేది. ఒకటి రెండుసార్లు గుటకలు వేసిందంటారు. పులి పులే కదా.

ఇలా కొంతకాలం గడిచింది. ఒక తెల్లవారుజామున పైడమ్మ వేటకని అడవి లోపలికి దూరం వెళ్ళింది. అవతల సైన్యం ఉంది, కోన నెమ్మదిగా ఉంది, ఇంక భయమేమిటి? కూనలు గుహలో ఆడుకుంటున్నాయి.

రేచుకుక్కలు గట్టెక్కాయి. గట్టుమీద కాపలా లేదు, కాపలా అంతా కింద బురదలో ఉంది. అప్పుడే చెలమలో నీళ్ళు తాగి వచ్చిన దుప్పులు రాళ్ళమధ్యనుంచి చూశాయి. పూర్వమైతే ఒక్క కూతతో రెండు అడవులూ లేచేవి. ఇప్పుడు ఏ నోరూ తెరుచుకోలేదు. అన్నీ ఒక్కసారిగా, చప్పుడు లేకుండా, వాగులోకి పరుగెత్తాయి. ఎక్కడికి పోవాలో వాటికి ఎవరూ చెప్పలేదు. ఎర్రనమ్మ ఉన్నచోటికే వచ్చాయి, దాని కాళ్ళ చుట్టూ మూగాయి.

వెనకే రేచుకుక్కల మంద. వాగు మధ్యకొచ్చాక వాటికి పులికూనల వాసన తగిలింది. దుప్పుల్ని వదిలేసి గుహ వైపు తిరిగాయి.

ఎర్రనమ్మ పరుగున వెళ్ళి గుహకి అడ్డంగా నిలబడింది. ఎదురొచ్చినదాన్ని తొండంతో విసిరికొట్టింది, కానీ గుహకి రెండు దారులున్నాయి, ఏనుగు ఒక్కటే. పక్క కంతలోంచి ఒక రేచుకుక్క దూరింది. లోపల చిన్నకూన కెవ్వుమంది. ఎర్రనమ్మ తొండం లోపలికి చాపి ఆ కుక్కని ఈడ్చి పారేసింది. ఎంతసేపని ఆపగలదు? తల తిప్పి అరిచింది.

"చుక్కమ్మా, కూయి."

చుక్కమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆజ్ఞ ఉందవ్వా" అంది.

"ఆజ్ఞ ఇచ్చినవాళ్ళు నిద్రలో ఉన్నారు. నేను అడుగుతున్నాను."

చుక్కమ్మ గుహ వైపు చూసింది. లోపల ఏడుస్తున్నది పులికూన. అది పెరిగి పెద్దదైతే దుప్పుల్నే తింటుంది, అందులో అనుమానం లేదు. తర్వాత పక్కనున్న తన కూనని చూసింది. దాని మూతి ఇంకా తడిగా ఉంది. చుక్కమ్మ నేలని గట్టిగా తన్ని, తల పైకెత్తి కూసింది. అంతకాలం మింగుకున్న కూతలన్నీ కలిసి వచ్చాయా అన్నట్టు కూసింది. మిగతా దుప్పులూ అందుకున్నాయి. అడవి లోపల నేరేళ్ళ మీదున్న కొండముచ్చులు పళ్ళు వదిలేసి లేచాయి. కూత చెట్టునుంచి చెట్టుకి పాకిపోయింది.

పైడమ్మకి వినబడింది. అది వేటని వదిలేసి ఎలా వచ్చిందో చూసినవాళ్ళు లేరు, వచ్చాక చూసినవాళ్ళున్నారు. ముందు ఏనుగు, వెనక పులి. రేచుకుక్కలకి ఆ లెక్క నచ్చలేదు, తోకలు ముడిచి వచ్చినదారినే పట్టాయి. పైడమ్మ గుహలో దూరి కూనలిద్దరినీ నాకి చూసుకుంది. పెద్దదానికేమీ కాలేదు. చిన్నదాని చెవి సగానికి చిరిగింది. ప్రాణానికి ప్రమాదం లేదు. పైడమ్మ అక్కడే కూచుని, ఆ చిరిగిన చెవిని నాకుతూనే ఉంది.

ఇంక రేచుకుక్కల సంగతి. ఆకలి తీరలేదు, పైగా దెబ్బలు తగిలాయి. వెళ్తూ వెళ్తూ రాళ్ళకోన వాలులో ఒక పొద దగ్గర ఆగాయి. పొద కింద దాలయ్య, రాత్రి తిన్నది అరక్క, గాఢనిద్రలో ఉన్నాడు. వాగొడ్డునుంచి చూస్తే వాడి తోక కనబడుతూనే ఉంది. దుప్పులన్నీ చూశాయి. చుక్కమ్మ కూడా చూసింది. అవి నోరు మూసుకుని బుద్ధిగా నిలబడ్డాయి.

దాలయ్యకి మెలకువ వచ్చేసరికి తోక తనది కాదు. మిగిలిన ఒంటితో లేచి, పడుతూ దొర్లుతూ వెళ్ళి పందుల బురదలో దూకాడు. అప్పుడు మేల్కొంది సైన్యం. మేల్కొన్నాక మొట్టయ్య దళం తన పని తను బాగానే చేసింది, రేచుకుక్కల్ని గట్టు దాటించి వచ్చింది. ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది.

ఎండెక్కేసరికి అందరూ గుహ కింద చెలమ దగ్గర చేరారు. మొట్టయ్య ఒళ్ళంతా బురదతో తలొంచుకుని నిలబడ్డాడు. దాలయ్య మాత్రం తోక లేకపోయినా నోరు తగ్గించలేదు. రాణమ్మా, ఇది పచ్చి ద్రోహం అన్నాడు. ఈ దుప్పులు కళ్ళారా చూస్తూ ఉండి, నా మీదికి అపాయం వస్తుంటే ఒక్కటీ కూయలేదు, అడగండి కావాలంటే అన్నాడు.

పైడమ్మ చుక్కమ్మ వైపు తిరిగింది. నిజమేనా అని అడిగింది.

"నిజమే రాణమ్మా, చూశాం" అంది చుక్కమ్మ. "కూద్దామనే అనుకున్నాం. ముందు అయ్యగారిని అడగాలి కదా. అడుగుదామంటే ఆయన నిద్రపోతున్నారు. పెద్దవాళ్ళని నిద్రలేపడం మర్యాద కాదని ఊరుకున్నాం."

చెట్లమీద కొండముచ్చులు విరగబడి నవ్వాయి. మొట్టయ్యకి కాస్త ఆలస్యంగా అర్థమై వాడూ నవ్వాడు. పైడమ్మ మాత్రం నవ్వలేదు. అడిగి కూయడమేమిటి, ఈ ఆజ్ఞ ఎవరిది అంది. అప్పుడు బయటపడింది అంతా. చెలమ బురద కావడం, గడ్డి పోవడం, కూత ఆగడం. రోజూ తను విని మురిసిపోయిన నిశ్శబ్దం ఎలా వచ్చిందో ఆ పూట తెలిసింది.

"మరి నా కూనల కోసం ఎవరిని అడిగి కూశావు?" అంది చివరికి.

"నేను అడగలేదు, అవ్వే నన్ను అడిగింది. ఆవిడ ఇచ్చిన నీళ్ళు తాగిన గొంతు ఆవిడకి కాదంటుందా?"

"అదే గట్టుమీద, ముందే కూసి ఉంటే?"

చుక్కమ్మ పక్కనున్న కూనని దగ్గరికి తీసుకుంది. "మీ చిన్నకూన చెవి ఉండేది రాణమ్మా. నా రెండోదీ ఉండేది."

పైడమ్మ తలెత్తి దాలయ్యని చూసింది. వాడి నిండు బుగ్గలు చూసింది.  చంపేస్తుందనుకున్నారు అందరూ. అది పంజా ఎత్తలేదు. రెండు కోనలకీ వినబడేలా ఒకే ఒక్క మాట చెప్పింది. నక్క కనబడితే కూయడానికి ఇకమీదట ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

అంతే. ఆ రోజునుంచి దాలయ్య ఏ పొద దాటినా దుప్పి కూసేది, కొండముచ్చు అందుకునేది. వాడు వస్తున్నాడని వాడికంటే ముందే అడవంతటికీ తెలిసేది. బుగ్గలు పోయాయి, మంత్రి పదవి పోయింది. మొండితోకతో ఎండ్రకాయలు ఏరుకుంటూ కాలం వెళ్ళబుచ్చాడు.

ఎర్రనమ్మని పక్కన కూచోబెట్టుకుని పైడమ్మ అడిగింది, అయితే నాకు సైన్యమే వద్దంటావా అని. వద్దని ఎవరన్నారు తల్లీ అంది ఎర్రనమ్మ. "ఇవాళ నీ పంజా రాకపోతే నేనొక్కదాన్ని ఆపలేకపోయేదాన్ని. కోర మన గుమ్మంలో ఉండాలి. పొరుగింటికి వెళ్ళేటప్పుడు మాత్రం తొండం వెళ్ళాలి."

ఆ ఏటినుంచి మొట్టయ్య దళం కాపలా గుహకే, ఇటు ఒడ్డునే. పొర్లడానికి వాళ్ళకి వేరే మడుగు చూపించారు. అవతలి గట్టున చెలమలు మళ్ళీ తేటపడ్డాయి, వాగొడ్డున కొండముచ్చులు మళ్ళీ ఎంగిలికాయలు పారేశాయి. గట్టుమీద అప్పుడప్పుడూ దుప్పి కూసేది. పైడమ్మ నిద్రలోంచి లేచి, కూనల్ని ఒకసారి చూసుకుని, కూత ఆగాక మళ్ళీ పడుకునేది. చిరిగిన చెవి కూన కూడా ఆ కూతకి తల ఎత్తడం నేర్చుకుంది.

నీతి: కోర చూపించి పొరుగువాడి నోరు మూయించగలం, ఆపదవేళ ఆ నోరు తెరిపించేది మాత్రం మనం పోసిన గుక్కెడు నీళ్ళే.